సారా వాసన కొట్టే కారు

బ్రెజిల్‌లో 1979లో ఫియట్ 147 అనే బుల్లి కారులో ఓ కొత్త రకం వచ్చింది. చెరకు నుంచి తీసిన ఆల్కహాల్‌తోనే నడిచేది. పొగ గొట్టం దగ్గర నిలబడితే గుప్పున సారా వాసన! జనం ఊరుకుంటారా, తమ చెరకు సారా పేరే దానికి ముద్దుపేరుగా తగిలించారు. చలి పొద్దుల్లో మొరాయించేది కాబట్టి స్టార్టింగ్ కోసం బానెట్ కింద చిన్న పెట్రోలు డబ్బా కూడా పెట్టారు.

2003లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ అయితే పెట్రోలు, ఆల్కహాల్ రెండిట్లో ఏది పోసినా, కలిపి పోసినా నడిచింది. ఇప్పటికీ అక్కడివాళ్లు బంకులో లెక్కేస్తారు: ఆల్కహాల్‌కి మైలేజీ తక్కువ కదా, పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటేనే పోయించుకుంటారు.

మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్, అంటే ఆ ఆల్కహాలే, కలిపేసి పోస్తున్నారు. కలపండి, కాదనను. ధరలోనూ ఆ తేడా చూపించండి మరి!