‘ఇంట్లో ఖాళీయే!’

పెళ్లి భోజనం బ్రహ్మాండంగా కుదిరింది. గుత్తొంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకుని, ‘నలభీమపాకం అంటే ఇదీ’ అన్నాడతను. చెయ్యి కడుక్కుని నేరుగా హాలు వెనక్కి వెళ్లి వంటమాస్టారి ఫోన్ నంబరు తీసుకున్నాడు. పక్కనే ఉన్న అతని భార్యకు మాత్రం పంపు దగ్గర గంగాళాలు తోముతున్న ఇద్దరు ఆడవాళ్లు కనిపించారు. వాళ్ల నంబరు ఎవరూ అడగలేదు.

తిరిగొస్తుంటే దారిలో పాత స్నేహితుడు కలిశాడు. ‘మీ ఆవిడ ఏం చేస్తారు?’ అనడిగాడు. ‘ఏమీ చేయదు. ఇంట్లో ఖాళీయే!’

ఆ ఖాళీ మనిషి ఆరోజు పొద్దున అయిదింటికే లేచింది. వాకిలి ఊడ్చి ముగ్గేసింది. పెళ్లికి రాలేని అత్తగారికి వంట చేసి, మందులు విడిగా తీసిపెట్టింది. పిల్లల్ని తయారుచేసింది. అతను వేసుకున్న చొక్కా ఇస్త్రీ చేసిందీ ఆమే. ఆ చొక్కానే వీధిచివర బండి మీద ఇస్త్రీ చేయిస్తే డబ్బులివ్వాలి.

నలుడు నిషధ దేశానికి రాజు. భీముడు విరాటుడి కొలువులో వలలుడన్న పేరుతో వంటవాడయ్యాడు. రుచిగా వండితే మనం తలుచుకునేది ఈ ఇద్దరు మగవాళ్లనే. రోజుకు మూడుపూటలా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి మాత్రం అలాంటి మాటేదీ లేదు. పైగా ఉప్పు ఎక్కువైన రోజునే ఆమె వంట గుర్తొస్తుంది! కూలికి చేసేవాళ్ల సంగతీ అంతే. ‘గిన్నెలు తోమడమేగా, ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన పనే’ అంటూ పనిమనిషి జీతం దగ్గర బేరమాడతాం. మగవాడు ఇంట్లో చీపురు పడితే అది ‘సాయం’. ఎవరి పనికి సాయమో చెప్పక్కర్లేదు.

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని మీద ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలే.

ఈ శ్రమకు విలువ కట్టేది ఎప్పుడు? 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. ఆమె గృహిణి. పరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 జనవరిలో కోర్టు పరిహారాన్ని 22 లక్షల నుంచి 33.20 లక్షల రూపాయలకు పెంచింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారు జస్టిస్ ఎన్.వి.రమణ 2011 జనాభా లెక్కల్ని గుర్తుచేశారు. ఇంటిపనే తమ ప్రధాన వృత్తి అని చెప్పినవారిలో మహిళలు దాదాపు 16 కోట్ల మంది, పురుషులు 58 లక్షల మంది. గృహిణికి ఊహాత్మక ఆదాయం లెక్కకట్టడమంటే ఆమె శ్రమను గుర్తించడమేనన్నారు. మంచి తీర్పే. కానీ బతికున్నన్నాళ్లూ లేని లెక్క మనిషి పోయాక వేయాల్సి వచ్చింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక కొడుకు తన కంచం తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు. ‘ఎంత బుద్ధిమంతుడో నా మనవడు!’ అంటూ మురిసిపోయింది నాయనమ్మ. అప్పటికే అక్కడ వాడి చెల్లెలు సగం గిన్నెలు తోమేసింది. దాన్నెవరూ మెచ్చుకోలేదు.

ఆమె కాసేపు చూసింది. తర్వాత కూతురి చేతిలోని పీచు తీసి కొడుక్కి ఇచ్చింది.

‘మిగతా సగం నీది నాన్నా.’