మా అమ్మాయి హ్యారీ పాటర్ వదలడం లేదు!

“డాక్టరుగారూ! మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. హ్యారీ పాటర్ పుస్తకాలు ఏడూ పూర్తిచేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అన్నం కంచం ముందు అదే, మంచం మీదా అదే. రాత్రి ఒంటిగంట దాటినా లైటు ఆర్పదు. రెండు రోజుల్నుంచి తలనొప్పి అంటోంది. కళ్ళు పాడవుతాయేమోనని నాకు భయంగా వుంది. ఆ పుస్తకాలన్నీ మూటకట్టి అటక మీద పడేయమని మా అత్తగారు పోరుతున్నారు. ఏం చెయ్యమంటారు?”

గుంటూరు నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరమిది. ఈ రకం ఉత్తరాలు నాకు తరచు వస్తూనే వుంటాయి. ఒక తండ్రిగారైతే మరీ బెంబేలుపడి, మంత్రాల పుస్తకాలు అదేపనిగా చదివితే పిల్లలకి మతి చలిస్తుందా అని అడిగారు. అందరికీ విడివిడిగా జవాబులు రాసే తీరిక లేదు కనుక ఇక్కడే చెబుతున్నాను.

నిజం చెప్పొద్దూ, మా ఓ.పి.లో రోజూ పదిమంది తల్లులు “సెల్‌ఫోను వదలడం లేదండీ” అంటూ పిల్లల్ని లాక్కొస్తూ వుంటారు. వాళ్ళ మధ్య ఒకావిడ “పుస్తకం వదలడం లేదండీ” అంటే లేచి ఆవిడకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది. అయినా తల్లి భయం తల్లిది. దాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు.

ఈ పుస్తకాల సంగతి తెలియని పెద్దల కోసం నాలుగు మాటలు. జె.కె. రౌలింగ్ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిన మొదటి భాగం 1997 జూన్ 26న ఇంగ్లండులో విడుదలయింది. గట్టి అట్టతో మొదట అచ్చువేసినవి 500 ప్రతులే. పదేళ్ళు తిరిగి, 2007 జూలై 21న ఏడవదీ ఆఖరిదీ అయిన భాగం వచ్చేనాటికి దేశదేశాల్లో పిల్లలు పుస్తకాల షాపుల ముందు బారులు తీరి నిలబడ్డారు. ఆ రోజు హైదరాబాదులో అలా నిలబడ్డ తండ్రుల్లో నేనూ ఒకణ్ణి. మా అమ్మాయి తెల్లవారుజామునే లేపి, మొహమైనా కడుక్కోనివ్వకుండా బయల్దేరదీసింది. కథేమిటంటే, తల్లీతండ్రీ లేని పిల్లవాడు పెద్దమ్మగారింట్లో మెట్లకింద చీకటి గదిలో పెరుగుతూ వుంటాడు. పదకొండో ఏట వాడికి తను మాంత్రికుడినని తెలుస్తుంది. హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో చేరతాడు. తరవాతిదంతా స్నేహాలూ, పోట్లాటలూ, పరీక్షలూ, ఒక దుర్మార్గుడితో యుద్ధమూను. మొదటి భాగం తెలుగులోకి కూడా వచ్చింది.

ఇక తలనొప్పి సంగతి. దీనికి వైద్యశాస్త్రంలో పేరు కూడా పెట్టారు సుమండీ! 2003లో అయిదో భాగం వచ్చింది. ఇంగ్లండు ప్రతికి 766 పేజీలు, అమెరికా ప్రతికి 870. ఆ ఏడాది అక్టోబరులో హోవర్డ్ బెనెట్ అనే పిల్లల డాక్టరు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అనే పేరుమోసిన వైద్యపత్రికకి ఒక చిన్న ఉత్తరం రాశాడు. ఎనిమిది నుంచి పదేళ్ళ మధ్య పిల్లలు ముగ్గురు, రెండు మూడు రోజులుగా తలనొప్పి అంటూ తన దగ్గరికి వచ్చారట. పరీక్ష చేస్తే ఏమీ లేదు. తీరా ఆరా తీస్తే ముగ్గురూ ఆ లావుపాటి పుస్తకాన్ని గంటల తరబడి చదువుతున్నవాళ్ళే. ఆయన దానికి ‘హాగ్వార్ట్స్ తలనొప్పి’ అని పేరు పెట్టాడు. చదవడం కాస్త ఆపండర్రా అని వైద్యం చెబితే, ముగ్గురిలో ఇద్దరు ససేమిరా అని, మాత్ర వేసుకుంటాం గాని పుస్తకం మాత్రం ఆపమన్నారట! పుస్తకం పూర్తయిన ఒకటి రెండు రోజులకి అందరికీ తలనొప్పి తగ్గిపోయింది.

దీనికి తోడు ఇంకొకటి చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌లోని జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్లకి ఒక అనుమానం వచ్చింది. ఈ పుస్తకం విడుదలైన శని ఆదివారాల్లో దెబ్బలు తగిలించుకుని వచ్చే పిల్లలు తక్కువగా వున్నారేమిటా అని. రికార్డులు తిరగేశారు. ఆ రుతువులో మామూలు శని ఆదివారాలకి, ఏడు నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలు సగటున 67 మంది వచ్చేవారు. 2003 జూన్‌లో అయిదో భాగం, 2005 జూలైలో ఆరో భాగం విడుదలైన శని ఆదివారాల్లో మాత్రం 36, 37 మంది వచ్చారు. వానలు పడి పిల్లలు ఇంట్లో వున్నారేమోనని వాతావరణం లెక్కలు కూడా చూశారు, అదేం కాదు. చెట్లెక్కేవాళ్ళూ, సైకిళ్ళ మీదనుంచి పడేవాళ్ళూ ఆ రెండు రోజులూ బుద్ధిగా కూర్చుని చదువుకున్నారన్నమాట! 2005 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ సంచికలో ఈ వ్యాసం వచ్చింది. ఆ సంచికలో డాక్టర్లు కాస్త సరదాగా రాయడం ఆనవాయితీ. పిల్లలు ఎప్పుడూ ఇలాగే కూర్చుంటే ఒళ్ళు పెరుగుతుంది, ఎండ తగలక ఎముకలు మెత్తబడతాయి అని కూడా వాళ్ళే చివర్లో చురక వేశారు.

తలనొప్పి ఎందుకొస్తుందో చెబుతాను. దగ్గరి వస్తువు చూసేటప్పుడు కంటిలోపల వున్న చిన్న కండరం ముడుచుకుని వుంటుంది. గంటల తరబడి అలా వుంటే అలసిపోతుంది. పడుకుని, మెడ వంచి, అరకిలో పైన బరువున్న పుస్తకాన్ని గుండెలమీద నిలబెట్టుకుంటే మెడ కండరాలు బిగుసుకుంటాయి. వీటికి తోడు కథ మధ్యలో అన్నానికి లేవరు, మంచినీళ్ళు తాగరు, నిద్రపోరు. ఈ నాలుగూ కలిస్తే పెద్దవాళ్ళకైనా తల పగులుతుంది. అంచేత బల్ల దగ్గర కూర్చోబెట్టండి. పుస్తకం కంటికి మూరెడు దూరంలో వుండాలి. ఒక్కో అధ్యాయం అయ్యాక లేచి, గ్లాసుడు నీళ్ళు తాగి, వీధిగుమ్మంలో నిలబడి దూరంగా వున్న చెట్టునో, గుడి గోపురాన్నో చూసి రమ్మనండి. అధ్యాయం మధ్యలో మాత్రం లాక్కోకండి. రాజకుమారి గుహలో చిక్కుకున్నచోట మన చందమామ ఎవరైనా లాక్కుంటే మనకెలా వుండేది?

మసక దీపం కింద చదివితే కళ్ళు పోతాయని మనవాళ్ళంటారు. అలసిపోతాయి గాని పోవు. అయితే పగలంతా ఇంట్లోనే వుండే పిల్లలకి దూరపుచూపు తగ్గే అవకాశం ఎక్కువ. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకి బడిలో రోజూ 40 నిమిషాల ఆరుబయలు పీరియడు అదనంగా పెట్టి మూడేళ్ళు చూస్తే, హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళ సంఖ్య తగ్గింది. 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. కనుక సాయంత్రం ఎండలోకి తరమండి, కావాలంటే పుస్తకం చంకలో పెట్టుకునే వెళ్ళమనండి. నల్లబల్ల మీది అక్షరాలు కనపడకపోయినా, కళ్ళు చికిలించి చూస్తున్నా కంటి పరీక్ష చేయించండి. నిద్ర విషయంలో మాత్రం బేరాలు లేవు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి తొమ్మిది గంటలు తక్కువ కాకుండా, ఆ పైవాళ్ళకి ఎనిమిది గంటలు తక్కువ కాకుండా నిద్ర వుండాలి.

తెల్లవారుజామున నిద్రలేపేసే తలనొప్పి, వాంతులతో వచ్చేది, జ్వరంతో మెడ బిగుసుకుపోయేది, చూపు రెండుగా కనిపించేది, రోజురోజుకీ ఎక్కువయ్యేది - వీటికి పుస్తకం కారణమని ఇంట్లో కూర్చోకండి. వెంటనే డాక్టరుకి చూపించండి.

మతి చలిస్తుందా అని అడిగిన తండ్రిగారికి నా జవాబు: చలించదు. 1951లో పాతాళభైరవి వచ్చింది. ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుణ్ణి చూసి మనలో ఎవరూ తోటరాముణ్ణి బలివ్వడానికి బయల్దేరలేదు. మా ఇంట్లో మా అక్కయ్య బైండు చేయించిన పాత చందమామలుండేవి. అందులోని దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆయన పేరు కూడా అందులో వేసేవారు కారు. ఆరేడేళ్ళ లోపు పిల్లలకి కథకీ నిజానికీ తేడా అంతగా తెలియదు కనుక చీపురుకట్ట మీద ఎగురుతానని పిట్టగోడ ఎక్కకుండా ఒక కన్నేసి వుంచండి. పదేళ్ళు దాటినవాళ్ళకి అది కథేనని మీకంటే బాగా తెలుసు.

కాని, పిల్లలు పుస్తకం పట్టుకుని ఎందుకు కూర్చున్నారన్నది ఒక్కోసారి అడిగి తెలుసుకోవాలి. ఊరూ పేరూ చెప్పను గాని, మా ఆసుపత్రికి వచ్చిన ఒక పిల్ల సంగతి మీకు చెప్పాలి.

పదమూడేళ్ళ పిల్ల. తల్లీ, మేనమామా తీసుకొచ్చారు. కడుపునొప్పి అంటుంది, అన్నం తినదు, నిద్రపోదు. బడికి వెళ్ళి పదిహేను రోజులైంది. నాలుగు కిలోలు తగ్గింది. బయట చేయించిన స్కానింగులూ రక్తపరీక్షలూ సంచీనిండా తెచ్చారు, అన్నీ బాగానే వున్నాయి. మోచేతి పైన కొత్త తాయెత్తు కట్టివుంది. “మంత్రాల పుస్తకాలు చదివి చదివి గాలి సోకిందండీ. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను” అన్నాడు మేనమామ. తండ్రి ఎనిమిది నెలల కిందట పోయాడని, నేనడిగితే అప్పుడు చెప్పారు.

వాళ్ళిద్దర్నీ కాసేపు బయట కూర్చోమని, నర్సమ్మని పక్కన వుండమన్నాను.

“ఎన్నో భాగం చదువుతున్నావమ్మా?” అన్నాను.

తలెత్తింది. “మూడోది సార్. సగంలో వుండగా తీసేసుకున్నారు.”

“అన్నీ చదివేశావుగా, మళ్ళీ మూడోదెందుకు?”

“అందులో డిమెంటర్లుంటాయి సార్.”

మూడో భాగం చదివినవాళ్ళకి తెలుస్తుంది. డిమెంటర్లంటే నల్ల ముసుగు వేసుకున్న పిశాచాల్లాంటివి. అవి దగ్గరికి వస్తే చలి వేస్తుంది. మనిషిలోని సంతోషమంతా పీల్చేస్తాయి, చెడ్డ జ్ఞాపకాలే మిగులుతాయి. తను అనుభవించిన మానసిక కుంగుబాటునే అలా రూపుకట్టించానని రచయిత్రి బహిరంగంగా చెప్పింది. మొదటి పుస్తకం రాయడం మొదలుపెట్టిన ఏడాదే, 1990లో, ఆమె తల్లి చనిపోయింది.

“మా ఇంటికి కూడా వస్తాయి సార్,” అంది ఆ పిల్ల. “సాయంత్రం ఆరింటికి. నాన్న స్కూటర్ వచ్చే టైము.”

తాళం పడ్డ బీరువాలో ఏ మాటలున్నాయో చూశారా! కడుపునొప్పి అని తప్ప ఇంకోలా చెప్పుకోవడం చేతకాని పిల్లకి, ఆ పుస్తకం ఒక్కటే తన బాధకి పేరు పెట్టి ఇచ్చింది. పెద్దవాళ్ళు దాన్నే తీసి లోపల పెట్టారు. వాళ్ళని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఆ తల్లి దుఃఖం ఆ తల్లిది.

నేను తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు, అడిగితే పిల్లలకి గుండె బరువు దిగుతుంది. “నాన్న దగ్గరికి వెళ్ళిపోతే బాగుండనిపిస్తుంది సార్” అని, అప్పుడు ఏడ్చింది. ఎనిమిది నెలల్లో ఆ పిల్ల అలా ఏడవలేదని తల్లి తరవాత చెప్పింది. ఆ రోజే మా మానసిక వైద్య విభాగానికి నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. ఇంట్లో మాత్రలూ, పురుగుమందులూ అందకుండా దాచమనీ, ఒంటరిగా వదలవద్దనీ తల్లికి చెప్పాను. మేనమామతో, “ఆ తాళం ఇవాళే తీసేయండి. తాయెత్తు వుంటే వుండనివ్వండి” అన్నాను.

వారం వారం వచ్చారు. మాటలతో చేసే వైద్యం చాలా రోజులు సాగింది. మూడో నెలకి బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. తల్లికి ఇంగ్లీషు రాదు. సాయంత్రం ఆరు కొట్టేసరికి వంటపని పక్కన పెట్టి, కూతురి చేత కథ చెప్పించుకునేదట. “సగం నాకు బోధపడదండీ. అయినా దాని గొంతు వినపడుతూ వుంటుంది కదా” అంది. ఆ కథల్లో డిమెంటర్ల బారిన పడ్డవాళ్ళకి చాక్లెట్ పెడతారు. మీరు దాన్ని నమ్ముకుని చాక్లెట్లు కొనిపెట్టి ఊరుకునేరు, కుంగుబాటుకి వైద్యం వైద్యమే.

ఉత్సాహంగా చదివే పిల్ల చదివింది మీకు చెబుతుంది, స్నేహితులతో వాదిస్తుంది, ఆకలేస్తే లేచి వస్తుంది. అలాంటి పిల్లకి నిద్రవేళ ఒక్కటి సరిచేస్తే చాలు. మాటలు తగ్గినా, తిండి తగ్గినా, స్నేహితుల్ని వదిలేసినా, కారణం తెలియని నొప్పులు రెండు వారాలు దాటినా డాక్టరు దగ్గరికి తీసుకురండి. ఆసుపత్రికి రావడానికి మొహమాటమైతే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఫోను నెంబరు 14416 వుంది. పగలైనా రాత్రయినా, డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.