మైనం పలక మీది ఉత్తరం

జూన్ 9, 2024, ఆదివారం

ప్రాచీన రోమన్ నాటకకర్త ప్లాటస్ నాటకం 'సూడోలస్' మళ్లీ తీశాను. మొదటి రంగం దగ్గరే ఆగిపోయాను. ఏథెన్స్ వీధిలో కాలిడోరస్ అనే కుర్రవాడు మైనం పలకలు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంటున్నాడు. వాటి మీద ఉత్తరం రాసింది అతను ప్రేమించిన ఫినీషియమ్. ఆమె యజమాని, తార్పుడుగాడు బాలియో, ఆమెను మాసిడోనియా సైనికుడికి 20 మినాలకు అమ్మేశాడు. మినా అంటే 100 ద్రాక్మాలు. 15 ముట్టాయి. మిగతా 5 మినాలూ, ముద్ర గుర్తూ పట్టుకుని రేపు మనిషి వస్తాడు, తీసుకుపోతాడు. పలక అందుకున్న అతని ఇంటి బానిస సూడోలస్ ముందు ఆ రాతను ఎగతాళి చేస్తాడు: కోడి కెలికినట్టుంది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి అని. నవ్వాను. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టాడు.

జూన్ 10, సోమవారం

ఫినీషియమ్‌ను విడిపిస్తానని సూడోలస్ చినబాబు కాలిడోరస్‌కి మాట ఇచ్చేశాడు. కుర్రవాడు వెళ్లిపోయాక ఒక్కడే నిలబడి, చేతిలో చిల్లిగవ్వ లేదనీ, నేత ఏ పోగుతో మొదలుపెట్టాలో కూడా తెలియదనీ ఒప్పుకుంటాడు. అప్పుడే కవి గుర్తొస్తాడు అతనికి. ఎక్కడా లేనిదాన్ని వెతికి పట్టుకుని, అబద్ధాన్ని నిజంలా నిలబెట్టేవాడు కవి. తానూ ఇప్పుడు కవినవుతానంటాడు. కొంతసేపటికి, ఆలోచించుకోవాలి, అందాకా వేణువు వినండని ప్రేక్షకులకు చెప్పి లోపలికి పోతాడు! రచయిత తన పని గురించి ఇంత ధైర్యంగా చెప్పుకున్న చోటు నాకు ఇంకొకటి తెలియదు.

జూన్ 12, బుధవారం

ఇవాళ చదివింది మనసులోంచి పోవడం లేదు. కాలిడోరస్ తండ్రి, ముసలి యజమాని సైమోకి సూడోలస్ ముందే చెప్పేస్తాడు: ఈ రోజే నీ చేత్తోనే నాకు డబ్బిస్తావు, జాగ్రత్తగా ఉండు అని. ఇందులో ముందే ఎవరితోనైనా కుమ్మక్కయి ఉంటే, పుస్తకంలో రెల్లు కలంతో అక్షరాలు రాసినట్టు ఎల్మ్ కర్రలతో నా ఒళ్లంతా రాయించు అంటాడు. ఓడితే తిరగలి మిల్లు శిక్షకీ సరేనంటాడు, గెలిస్తే డబ్బు సైమో ఇవ్వాలని పందెం. ఆ కాలపు రోమ్‌లో వేషం కట్టినవాళ్లు చాలావరకు బానిసలో, విడుదలైన బానిసలో. ఆ మాటలు పలికిన నటుడి వీపు మీద అప్పటికే ఎన్ని పంక్తులున్నాయో.

జూన్ 13, గురువారం

సైనికుడి నౌకరు హార్పాక్స్ రానే వచ్చాడు. సూడోలస్ బాలియో మనిషినని నమ్మించి, ముద్ర వేసిన ఉత్తరం చేజిక్కించుకున్నాడు. వేసుకున్న ఎత్తులన్నీ వదిలేసి, వందమంది తెలివైనవాళ్లకన్నా అదృష్టమే గట్టిదంటాడు. కాలిడోరస్ స్నేహితుడు 5 మినాలూ, సిమియా అనే మరో బానిసనీ సర్దాడు. సిమియా హార్పాక్స్‌నంటూ వెళ్లి ఫినీషియమ్‌ను బయటికి తీసుకొచ్చాడు.

జూన్ 15, శనివారం

ఈ నాటకం తేదీ మనకి చేరిన దారి తెలుసుకుని చాలాసేపు అలాగే కూచున్నాను. క్రీ.పూ. 191లో పాలటైన్ కొండ మీద దేవమాత గుడి ప్రతిష్ఠ ఉత్సవాల్లో ఆడారు. ఆ వివరం మిగిలింది మిలాన్‌లోని ఆంబ్రోజియన్ గ్రంథాలయంలో ఉన్న ఒక తోలు ప్రతిలో. ఎవరో ప్లాటస్ అక్షరాలను గీకేసి, వాటి మీద పాత నిబంధన రాసుకున్నారు. 1815లో ఆంజెలో మాయ్ అడుగు రాతని గుర్తుపట్టాడు. చదవడానికి పూసిన రసాయనాలే ఆ తోలుని పాడుచేశాయి. అయినా అక్షరాలు మిగిలాయి.

జూన్ 16, ఆదివారం

పూర్తయింది. చివర్లో సూడోలస్ పూలదండతో, తూలుతూ వస్తాడు. పందెం ఓడిన సైమో 20 మినాల సంచి మోసుకొస్తే, యజమాని ముఖం మీదే తేన్చి, తాగడానికి రమ్మని పిలుస్తాడు. గెలిచినా అతను బానిసే. స్వేచ్ఛ మాట అతను ఎత్తడు, సైమో ఎత్తడు.

ఫినీషియమ్ సంగతి ఇప్పుడు తట్టింది. ఎవరి బతుకు కోసం ఇదంతా జరిగిందో, ఆమె రంగస్థలం మీద ఒక్క మాట మాట్లాడదు. సిమియా వెంట ఏడుస్తూ నడిచి వెళుతుంది, అంతే. ఆమెకున్న మాటలన్నీ ఆ మైనం పలకల మీదే. మళ్లీ మొదటి పేజీ తిప్పాను. లాటిన్‌లో పలకరింపుకీ క్షేమానికీ ఒకటే పదం. మన పాత ఉత్తరాల్లో క్షేమం తెలిపి, క్షేమం తెలుపమని అడిగినట్టే ఆమె కూడా క్షేమం పంపి, తిరిగి క్షేమం అడుగుతుంది. తిరిగి పంపడానికి నా దగ్గర లేదని కాలిడోరస్ ఏడుస్తాడు. అతను అనేది వెండి క్షేమం. ఆమె పంపింది చెక్క పలక మీది క్షేమం కదా, దానికి వెండిది పంపుతావా అంటాడు సూడోలస్.