పోయినేడాది నా సినిమాలు

నాకొక పాత అలవాటు. చూసిన ప్రతి సినిమా పేరు, తేదీ, హాలా ఫోనా అన్నది, పక్కన ఎవరున్నారన్నది ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకుంటాను. డిసెంబరు ఆఖర్లో ఆ పుస్తకం తీసి, మళ్ళీ చూడాలనిపించేవాటి పక్కన టిక్కు పెడతాను. 2024కి యాభై ఒక్క సినిమాలు లెక్క తేలాయి. టిక్కులు మాత్రం ఐదు.

మాది కోడుమూరు. కొత్త సినిమా మంచి హాల్లో చూడాలంటే కర్నూలు పోవాల్సిందే. గంటకు పైగా బస్సు ప్రయాణం. ఆదివారం పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని బయల్దేరితే సాయంత్రానికి ఇల్లు చేరతాను. అందుకే హాల్లో చూడాల్సినవేవో, ఓటీటీ దాకా ఆగదగినవేవో ముందే లెక్కేసుకుంటాను. లెక్కలు నా వృత్తి కూడా. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ హైస్కూల్లో పిల్లలకు అవే చెబుతున్నాను. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు, ముందు అవసరం పడుతుంది.

టిక్కు పడని పెద్ద సినిమాల సంగతి ముందు తేల్చేస్తాను. ‘కల్కి 2898 ఏడీ’లో కురుక్షేత్రం, అమితాబ్ అశ్వత్థామ వేషం చూసి నోరు తెరిచాను. మధ్యలో మాత్రం గడియారం కూడా చూసుకున్నాను. ‘పుష్ప 2’లో జాతర ఘట్టానికి హాలంతా లేచి నిలబడింది, నేనూ నిలబడ్డాను. ‘సమరసింహారెడ్డి’ రోజుల నుంచీ సీమ అంటే సుమోలు, కొడవళ్ళు అని చూపించీ చూపించీ విసుగెత్తించారు. ‘ఒక్కడు’ పుణ్యమా అని కొండారెడ్డి బురుజు చూస్తే బయటివాళ్ళకు ఫైటే గుర్తొస్తుంది. అట్లాంటిది పెద్ద హీరో చిత్తూరు యాసలో సినిమా మొత్తం మాట్లాడటం బాగుంది. అది మా కర్నూలు యాస కాదనుకోండి, అయినా బాగుంది. ఆ కథలో నన్ను కదిలించింది ఎర్రచందనం కాదు, ఇంటిపేరు కోసం పుష్ప పడే తపన. కానీ ఆ సినిమా అనగానే డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గరి తొక్కిసలాట గుర్తొస్తుంది. సినిమా చూద్దామని పిల్లల్తో వచ్చిన ఒక తల్లి తిరిగి ఇంటికి పోలేదు. మొదటి రోజు మొదటి ఆట కోసం చొక్కాలు చింపుకున్న వయసు నాకూ ఉంది. టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఇక టిక్కులు. మొదటిది ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’. కోనసీమ కథ. సుహాస్ బాగా చేశాడు కానీ, సినిమా మోసింది అక్క వేషం వేసిన శరణ్య ప్రదీప్. ఆమె అందులో బడిపంతులమ్మ. ఊరి పెద్దమనిషి ఆమెను అవమానించడానికి ఎంచుకున్న చోటు బడే. ఆ తర్వాత పోలీస్ స్టేషన్ సీనులో ఆమె తిరగబడినప్పుడు, ఇంట్లో ఒంటరిగా ఫోన్లో చూస్తున్నవాణ్ణి గట్టిగా ఈలేశాను. వంటింట్లోంచి ఏమైందని కేక వినబడింది.

రెండోది ‘మహారాజ’. క్షౌరశాల నడుపుకునే మనిషి పోలీస్ స్టేషన్‌కు పోయి, మా ‘లక్ష్మి’ని ఎత్తుకుపోయినారు, వెతికిపెట్టండి అంటాడు. లక్ష్మి అంటే చెత్తబుట్ట. అందరూ నవ్వుతారు, మనమూ నవ్వుతాం. ఆ నవ్వుకు చివర్లో సిగ్గుపడేట్టు చేశాడు దర్శకుడు నిథిలన్. కథ ముందు వెనకలను ఎట్లా కలిపాడో అర్థం కావడానికి రెండోసారి కాగితం పెన్ను పట్టుకుని చూశాను.

మూడోది ‘లక్కీ భాస్కర్’. దీపావళికి వచ్చింది. హర్షద్ మెహతా కాలం నాటి బొంబాయి, ఒక బ్యాంకు క్యాషియర్, అప్పులు. ఒకటో తారీఖు కోసం ఎదురుచూసే జీతగాడికి అందులో ఉన్న సంతోషం వేరే. వాడు తప్పు చేస్తున్నాడని తెలిసీ దొరక్కూడదని కోరుకున్నాను. అంతకంటే దాని గురించి చెప్పడానికేం లేదు. కానీ అది చూసి వస్తున్న రోజు జరిగిన సంగతి ఒకటుంది. అది చెప్పాలంటే ముందు నాలుగో సినిమా గురించి చెప్పాలి.

అది ‘35: చిన్న కథ కాదు’. నంద కిశోర్ ఈమాని దర్శకుడు. తిరుపతిలో ఒక మామూలు కుటుంబం. పెద్దకొడుకు అరుణ్‌కు లెక్కలు రావు. రావు అనడం కూడా తప్పు. సున్నాకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన చేరితే తొమ్మిది కంటే ఎట్లా పెద్దదవుతుంది అని అడుగుతాడు. అది తెలివైన ప్రశ్న. కానీ క్లాసులో దానికి జవాబుండదు. పదో తరగతి తప్పిన తల్లి, నివేదా థామస్, కొడుకు కోసం మళ్ళీ లెక్కలు నేర్చుకుంటుంది. ప్రియదర్శి చేసిన లెక్కల మాష్టారు పిల్లల్ని పేర్లతో పిలవడు, వచ్చిన మార్కుల్తో పిలుస్తాడు. అరుణ్ పేరు ‘జీరో’.

అక్టోబరులో ఆహాలో చూశాను దాన్ని. ఇంట్లోవాళ్ళందరూ ఆ మాష్టారిని తిడుతున్నారు. నేను మాట్లాడలేదు. ఎందుకంటే కొన్నేళ్ళు నేనూ అదే పని చేశాను. పిల్లలకు రోషం వస్తుందనుకున్నాను. కొందరికి వచ్చింది కూడా. వాళ్ళ మార్కులు పెరిగాయి, పిలిచే అంకె మారింది. మారనివాళ్ళ సంగతి నేను ఆలోచించలేదు.

నవంబరులో ‘లక్కీ భాస్కర్’ చూసి కర్నూలు బస్టాండులో నిలబడి ఉంటే ముప్పై ఏళ్ళ లోపు మనిషొకడు వచ్చి, “సార్, బాగుండారా? గుర్తుపట్టినారా?” అన్నాడు. మొహం గుర్తుంది. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. అమ్మానాయన సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయను పోతే వాళ్ళ వెంట పోయి, ఉగాది ముందర తిరిగొచ్చి ఏడో తరగతి పరీక్ష రాశాడు. లెక్కల్లో 100కి 9. అంతా గుర్తొచ్చింది, పేరు తప్ప. “ఎందుకు గుర్తులేదప్పా” అన్నాను. టీ ఇప్పించాడు, డబ్బులు నన్ను ఇవ్వనియ్యలేదు. కర్నూల్లో కరెంటు పనులు చేస్తున్నాడంట. నంబరిచ్చాడు. పేరు అడగలేక ఫోన్లో ‘స్టూడెంట్ కర్నూల్’ అని పెట్టుకున్నాను.

ఐదో సినిమా ‘సత్యం సుందరం’ ఆ తర్వాత చూశాను. ‘96’ తీసిన ప్రేమ్ కుమార్ సినిమా. ఆస్తి తగాదాలో ఇల్లు పోగొట్టుకుని ఊరు విడిచిన అరవింద స్వామి, ఇరవై రెండేళ్ళకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి పెళ్ళికి వస్తాడు. చుట్టమైన కార్తి వదలకుండా వెంటపడి ప్రేమ చూపిస్తాడు, ఆ రాత్రి తనింట్లో ఉంచుకుంటాడు. ఎప్పుడో వదిలేసిన పాత సైకిలు తన సంసారాన్ని నిలబెట్టిందని చెప్పుకుంటాడు. ఇవతల మనిషికేమో అతని పేరు కూడా తెలీదు. తెలీదని ఒప్పుకోనూలేడు. తెల్లారకముందే చెప్పకుండా ఇల్లు దాటిపోతాడు. ఫైట్లు లేవు, విలన్ లేడు. ఒక పేరు గుర్తురాకపోవడం మీద ఇంత పెద్ద సినిమా! కొందరికి సాగదీసినట్టుంటుంది. నాకు మాత్రం పూర్తయ్యేదాకా ఊపిరాడలేదు.

మర్నాడు బడి నుంచి వచ్చి ఆ నంబరుకు ఫోన్ చేశాను. “ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినానప్పా. నీ పేరు నాకు గుర్తులేదు” అన్నాను. అతను నవ్వాడు. “మీరు తొమ్మిదీ అనే కద సార్ పిలుస్తాంటిరి. మా చెల్లెలు ఇంగా అట్లే పిలుస్తాది” అన్నాడు. కోపం లేదు గొంతులో. ఉన్నా బాగుండేది. క్షమాపణ చెప్పాను. “ఊరుకోండి సార్, ఇప్పుడేముంది” అన్నాడు. ఏమీ లేకపోవడమేమో గానీ, పదిహేనేళ్ళుగా ఇంట్లో కూడా ఆ అంకె నడుస్తోంది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను.

పేరు చెప్పాడు. ఇక్కడ రాయను, అతన్ని అడగలేదు కాబట్టి. ఫోన్లో మాత్రం మార్చుకున్నాను.

సంక్రాంతికి ఏదైనా సినిమాకు పోదాం సార్ అన్నాడు. టికెట్లు నేనే తీస్తానని గట్టిగా చెప్పాను. అతనికి బాలయ్య ‘డాకు మహారాజ్’ చూడాలని ఉంది. నాకేమో వెంకటేశ్ ‘సంక్రాంతికి వస్తున్నాం’ చూడాలని. ఇంకా తేలలేదు.