రోహ్తాంగ్ కడుపులో దారి

హిమాచల ప్రదేశంలో మనాలీ దాటి ఉత్తరంగా పోతే రోహ్తాంగ్ అనే కనుమ వస్తుంది. ఎత్తు 3,978 మీటర్లు, అంటే మన లెక్కలో పదమూడువేల అడుగులు. ఆ పేరుకు అర్థమేమిటని అడిగితే అక్కడివాళ్ళు తడుముకోకుండా "శవాల గుట్ట" అంటారు. వ్యుత్పత్తి సంగతి భాషావేత్తలు తేల్చుకోవలసిందే గాని, ఆ మాట ఊరికే పుట్టలేదని మాత్రం కొండను చూస్తే తెలిసిపోతుంది. శీతకాలంలో మంచుగాలికి చిక్కి ఆ కనుమమీద ప్రాణాలు వదిలినవారికి లెక్కలేదు. ఇవతలివైపు బియాస్ నది, దేవదారు చెట్లు, ఆపిల్ తోటలు. అవతల చంద్రానది, చెట్టన్నది అరుదైన లాహౌల్ లోయ. ఆ చంద్ర దిగువన భాగతో కలిసి చీనాబ్ అవుతుంది. వేదంలో అసిక్ని అన్నది ఈ నదినే.

ఏడాదిలో సుమారు ఆరు నెలలు మంచు ఈ కనుమను మూసేసేది. అప్పుడు లాహౌల్‌కూ లోకానికీ మధ్య తపాలా లేదు, సంత లేదు, ఆసుపత్రి లేదు. సర్కారువారి హెలికాప్టరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

ఈ కొండకు సొరంగం వేయాలన్న ఆలోచనకు బలం చేకూర్చినది మాత్రం లాహౌల్ వాసుల కష్టం కాదు, సైన్యం అవసరం. లేహ్‌కు పోయే దారులలో ఒకటి శ్రీనగర్ మీదుగా పోతుంది. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ఆ దారి శత్రువు ఫిరంగులకు ఎంత అందుబాటులో వున్నదో దేశమంతా చూసింది. మనాలీ దారి చాటు దారి. కాని మంచు పడితే అదీ లేదు. 2000 జూన్‌లో వాజపేయి ప్రభుత్వం సొరంగం వేయాలని నిశ్చయించింది. పదేళ్ళ తరువాత, 2010 జూన్ 28న, ధుండీ వద్ద శంకుస్థాపన జరిగింది. 2020 అక్టోబరు 3న బండ్లు నడిచాయి. ఇప్పుడు దాని పేరు అటల్ సొరంగం. పొడవు తొమ్మిది కిలోమీటర్లు, ఆ మీద ఇరవై మీటర్లు.

గడిచిన వేసవి సెలవుల్లో నేనూ మా ఆవిడా ఆ సొరంగం చూడబోయాము. సోలంగ్ దాటాక ఒక టీ కొట్టు దగ్గర టాక్సీ ఆపితే, పక్క బల్లమీద కూర్చున్న మనిషి మా మాటలు విని చటుక్కున లేచి, "ఏ వూరు మాస్టారూ?" అన్నాడు. నేను మాస్టారినని అతనికెట్లా తెలిసిందో! శ్రీకాకుళం జిల్లా మనిషి, సరిహద్దు రోడ్ల సంస్థలో ఉద్యోగం. సొరంగం పనిలో నాలుగేళ్ళు వున్నాడట. డ్యూటీ మీద దార్చా పోవాలి, బండి దొరకక కూర్చున్నాడు. మా బండిలో చోటున్నది. అంతకంటె మంచి మార్గదర్శి మాకెక్కడ దొరుకుతాడు!

సరిహద్దు రోడ్ల సంస్థ 1960లో పుట్టింది. సైన్యపు ఇంజనీర్లూ, ఆ సంస్థ సొంత సిబ్బందీ కలిసి కొండల్లో రోడ్లు వేయడం, మంచు తోయడం, వంతెనలు కట్టడం వీరి పని. అందులో వారికి సాటి లేదు. కాని ఇంత పొడుగు సొరంగం తొలిచే యంత్రాలూ అనుభవమూ వేరే చోట వున్నవి. అందుకే ఆస్ట్రియాకు చెందిన స్ట్రాబాగ్, మన దేశపు ఆఫ్కాన్స్ అనే రెండు కంపెనీలు జంటగా కంట్రాక్టు తీసుకున్నాయి. డిజైను పరిశీలన ఆస్ట్రేలియాకు చెందిన ఎస్మెక్ వారిది. యజమాని సైన్యంవారు, పని కంపెనీవారిది, కొండ మాత్రం ఎవరిదీ కాదు.

తవ్వినది కొత్త ఆస్ట్రియా పద్ధతి. మన ఊళ్ళల్లో ఇసుక నేలలో బావి తవ్వేవాళ్ళు తవ్వినకొద్దీ వర దింపుతూ పోతారు గదా! ఇదీ అలాంటిదే. కొంత పేల్చడం, రాళ్ళు ఎత్తివేయడం, వెంటనే గోడలకు కాంక్రీటు చిమ్మి, ఉక్కు బోల్టులు బిగించడం. చుట్టూ వున్న బండే తన బరువు తాను మోసేలా చేయడం ఇందులో కిటుకు. బండ మంచిదైతే పని చకచకా సాగుతుంది.

దక్షిణ ద్వారంలోనుంచి లోపలికి పోయాము. పసుపు పచ్చని దీపాలు, నున్నని గోడలు, పదిన్నర మీటర్ల వెడల్పు. కొద్ది దూరానికొక టెలిఫోను, మంటలార్పే కుళాయిలు. మనం పోయే రోడ్డు కిందనే ఇంకొక చిన్న సొరంగం వున్నదట, ప్రమాదం జరిగితే జనం తప్పించుకు పోవడానికి. సుమారు రెండు కిలోమీటర్లు పోయేసరికి మన శ్రీకాకుళం మిత్రుడు పైకి వేలు చూపించి, "ఇదిగో మాస్టారూ, సేరీ నాలా మన నెత్తిమీదే ఉన్నాది" అన్నాడు.

నాలా అంటే వాగు. కొండమీద పారే ఆ చిన్న వాగు కింద బండ విరిగి నలిగి వున్నది. అక్కడికి వచ్చేసరికి ఎదురుగా రాయి లేదు. గులకరాళ్ళు, బురద, నీళ్ళు కలిసిన అంబలి! "ఇలా తవ్వితే అలా జారిపోయేది. పొద్దుట పది అడుగులు తీస్తే రాత్రికి పూడిపోయేది. మోకాటి లోతు నీళ్ళు, ఐసులాగుండేవి" అన్నాడతను. పేల్చడానికి వీలులేదు. ఉక్కు గొట్టాలను గొడుగు ఊచల్లాగా ముందుకు దిగగొట్టి, వాటిగుండా సిమెంటు పాలు ఎక్కించి, నీటిని వేరే గొట్టాలలోకి మళ్ళించి, ఆ గొడుగు కింద కొంచెం కొంచెంగా గీకుకుంటూ పోవాలి. అట్లాంటి నేల 587 మీటర్లు. మా కారు ఆ దూరాన్ని అరనిమిషంలో దాటేసింది. దాన్ని తవ్వడానికి ఏళ్ళు పట్టింది. ఉత్తరం వైపు చిక్కు మరొకటి: శీతకాలంలో కనుమ మూసుకుపోతే అక్కడికి మనుషులే చేరలేరు. అందుచేత ఆవైపు పని వేసవికే పరిమితం. రెండు వైపులవాళ్ళూ కొండ నడుమ కలుసుకున్నది 2017 అక్టోబరులో. 2015లో పూర్తి కావలసిన పని 2020కి పోయింది. ఖర్చు మూడువేల కోట్లు దాటింది.

ఇక్కడొక ధర్మసందేహం. టెండరు కాగితంలో బండ ఒక తరగతి, కొండలో దొరికినది ఇంకొక తరగతి. ఆ అదనపు ఖర్చూ కాలహరణమూ ఎవరి నెత్తిన పడాలి? సంతకం పెట్టావు గనుక భరించమని సర్కారు అంటే, రేపు ఏ కంపెనీ హిమాలయం వైపు తొంగిచూడదు. కొండ చేసిన మోసమని ప్రతి బిల్లూ సర్కారు మీద రుద్దితే ఖజానా నిలవదు. వచ్చే గొడవను కాగితంలోనే ఊహించి వాటాలు రాసుకోవడం తప్ప నాకు వేరే దారి కనిపించదు. మొదట రాసే పన్నాల కంటె ముందు కొండకు పెట్టే రంధ్రాలకు ఇంకొంత డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తుంది. అయినా రెండు కిలోమీటర్ల మందం కొండ నెత్తిన వుంటే ఎన్ని రంధ్రాలు పెట్టగలరు?

ఇది హిమాలయానికే పరిమితమైన కథ కాదు. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో ఇట్లాగే నీరూ బురదా విరుచుకుపడి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. వారిలో ఇంజనీర్లూ కూలీలూ వున్నారు. సైన్యపు ఇంజనీర్లు సైతం వచ్చి వెదికారు. ఒక్కరినీ ప్రాణాలతో తీయలేకపోయారు. ఆ మాట నేనెత్తగానే మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. "లోపలున్నోడికి తెలుస్తాది మాస్టారూ, ముందు సన్నగా చెమ్మ వస్తాది" అన్నాడు చివరకు. మా ఆవిడ కిటికీ అద్దం ఎక్కించింది.

ఉత్తర ద్వారంలోనుంచి బయటపడగానే దేశం మారిపోయింది. ఆకుపచ్చ లేదు, అంతా బూడిదరంగు కొండలు, కింద చంద్రానది. సిస్సూ గ్రామంలో ఒక ముసలావిడ నడిపే కొట్టులో టీ తాగాము. మిత్రుడు హిందీలో అడుగుతూ మాకు తెలుగులో చెప్పాడు. ఆమె చిన్నప్పుడు శీతకాలానికి పిండి, కట్టెలు, ఎండబెట్టిన మాంసం అన్నీ ముందే దాచుకునేవారట. ఆమె పెద్దకోడలు తొలి కాన్పుకు నొప్పులు పడుతుంటే హెలికాప్టరు కోసం నాలుగు రోజులు ఆకాశంవైపు చూస్తూ కూర్చున్నారు. మబ్బు విడలేదు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. రెండో కాన్పు సొరంగం తెరిచాక, మాఘమాసపు మంచులో. గంటన్నరలో కుల్లూ వైపు దిగిపోయారట. ఆ పిల్లవాడే మాకు బిస్కట్లు తెచ్చి ఇచ్చాడు.

"మరి ఇప్పుడంతా సుఖమేనా?" అని అడిగించాను. ఆమె నవ్వి, నది ఒడ్డున పడివున్న ప్లాస్టిక్ సీసాలూ, వరుసగా నిలిచిన టూరిస్టు కార్లూ చూపించింది. ఇదివరకు శీతకాలం మా సొంతం, ఇప్పుడది కూడా అందరిదీ అయిపోయింది అన్నదట. అట్లాగని సొరంగం వద్దంటారా అంటే, తల అడ్డంగా వూపింది.

సైన్యం కోరిక మాత్రం ఇంకా సగమే తీరింది. ఈ సొరంగం మనాలీ, లేహ్‌ల మధ్య 46 కిలోమీటర్లు తగ్గించింది, నిజమే. కాని ముందు బారాలాచా వున్నది, ఆ తరువాత తంగ్లాంగ్ వున్నది. అవి రోహ్తాంగ్ కంటె ఎత్తు, శీతకాలంలో మూతపడేవే. అందుకని దార్చానుంచి వేరొక దారి తీసి, షింకు లా కనుమ కింద మరో సొరంగం తలపెట్టారు. పొడవు 4.1 కిలోమీటర్లు, ఎత్తు 15,800 అడుగులు. 2024 జూలై 26న మొదటి పేలుడు జరిగింది.

మన మిత్రునికి బదిలీ ఆర్డరు వచ్చింది అక్కడికే. మనాలీ దిగినది ఉన్ని మేజోళ్ళు కొనుక్కోవడానికట. సిస్సూలో సైన్యపు లారీల వరుస ఆగివుంటే అందులో ఒకదానికి చెయ్యెత్తి, సంచీ పైకి విసిరి, మా ఆవిడకు నమస్కారం పెట్టి ఎక్కి కూర్చున్నాడు. ఆవిడ చేసంచీలో మిగిలిన జంతికల పొట్లం అతని చేతికందించింది. లారీలు కేలాంగ్ వైపు కదిలాయి.