మిర్చి దారిలో మంగళవాద్యం

గుంటూరు దాటి ఒంగోలు వైపు బయల్దేరితే ముందు పలకరించేది ఘాటే! మాఘ, ఫాల్గుణాల్లో కళ్లాల నిండా ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మకుండా తప్పించుకోలేరు. ఇటు మిరప, అటు నల్లరేగడిలో పత్తి. ఈ దారి ఇంకో పంటకూ ప్రసిద్ధి. అది నాదస్వరం.

గుంటూరు నుంచి 40 కిలోమీటర్లు వెళ్తే చిలకలూరిపేట. మామూలు జనానికి అది నూలు మిల్లుల ఊరు. సంగీతం తెలిసినవాళ్లకు మాత్రం షేక్ ఆదం సాహెబ్ ఊరు. ఈ ప్రాంతంలో సన్నాయి పట్టినవాళ్లలో ముస్లింలు ఎక్కువ. అందులోనూ దూదేకుల కుటుంబాలు చాలా ఉన్నాయి. పత్తి ఏకడం ఒక విద్య, రాగం పలికించడం మరో విద్య. మొదటి పని యంత్రాలు లాగేసుకున్నాయి. రాముడి పెళ్లికైనా, ఊళ్లో ఎవరింటి పెళ్లికైనా ముహూర్తం వేళకు మంగళవాద్యం మోగించేది ఈ సాహెబులే. అదేం వింతగా ఇక్కడెవరికీ తోచదు!

ఒంగోలు ఇంకాస్త దూరం ఉందనగా రైలు దారి మీద కరవది అనే పల్లె వస్తుంది. షేక్ చినమౌలానా 1924లో పుట్టింది అక్కడే. తండ్రి దగ్గర, తర్వాత ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. ఇక్కడ పేరొచ్చాక హాయిగా కూర్చోవచ్చుగా? కూర్చోలేదు. రాజరత్నం పిళ్లై వాదన ఆయన్ని పట్టేసింది. తంజావూరు బాణీ కోసం తమిళనాడులోని నాచ్చియార్‌కోయిల్ వెళ్లి, రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడయ్యారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి వరించాయి. 1999లో కన్నుమూశారు.

బిరుదుల కన్నా చెప్పుకోవాల్సింది ఆయన శ్రీరంగంలో పెట్టిన శారదా నాదస్వర సంగీతాశ్రమం గురించి. పిల్లల్ని చేరదీసి విద్య నేర్పిన చోటది. తెలుగు నేల నుంచి వెళ్లిన షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలేషాబీ ఆయన శిష్యులే. ఆడవాళ్లు అరుదుగా పట్టే వాద్యంతో కాలేషాబీ భర్త పక్కన సమానంగా నిలిచారు. 2020లో ఇద్దరికీ పద్మశ్రీ ప్రకటించారు. మనవళ్లు ఖాసిం, బాబు కూడా తాతగారి బాణీనే పట్టుకున్నారు.

ఈ విద్య ఒంటరిగా అబ్బేది కాదు. రెండు నాదస్వరాలు, రెండు డోళ్లు, శ్రుతి, తాళం... మేళమంటే చిన్నపాటి వాద్యబృందమే. కుర్రాడు ముందు శ్రుతి పట్టాలి, తర్వాత పెద్దాయన పక్కన రెండో నాదస్వరం వాయించాలి. అలా ఏళ్లకేళ్లు గడిస్తేగానీ చేయి తిరగదు. రంధ్రాలు మూసి తెరిస్తే సరిపోదు. గమకమంతా ఊపిరి బిగువులో, పెదవి పట్టులో ఉంటుంది. మరి పెళ్లిళ్లకు బ్యాండు, డీజే చాలనుకుంటే ఆ కుర్రాడు నేర్చుకునేదెక్కడ? మేళం పిలవడం మానేస్తే పోయేది ఒక్కరోజు కూలీ కాదు, అతని బడి. పెళ్లి ఖర్చుల జాబితాలో మేళాన్ని అట్టడుగున రాసే పెద్దలు ఈ లెక్క కూడా చూడాలి.

బడి లేదని కాదు. నేర్చుకోవాలనుకునే పిల్లలకు తిరుపతిలో దేవస్థానంవారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది. వాద్యం మాత్రం కావేరి ఒడ్డు నుంచి రావాలి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసింగంపేట నాదస్వరాన్ని ఆచా కర్రతో చేస్తారు. పచ్చి కర్ర పనికిరాదు. కూల్చిన పాత ఇళ్ల దూలాలు వెతికి తెచ్చి తొలుస్తారు. పీకకు కావలసిన రెల్లు కూడా ఆ ఏటి గట్లదే. పేటలో సాధన చేసే పిల్లాడి చేతిలో ఉన్నది అలా ఏ తంజావూరు ఇంటి దూలమో అయివుంటుంది!