అగ్గి ఖాతాలో నీళ్లు

కాస్త ఇలా కుంపటి దగ్గరికి జరగండి. నిప్పు పక్కన కూర్చుని నిప్పు బీమా లెక్కలు చెప్పుకోవడంలో ఓ మజా ఉంది. లెక్కలనగానే లేచిపోకండి, అంకెలు తక్కువే చెబుతాను.

మా బాబాయి ఓ ప్రభుత్వ బీమా కంపెనీలో ముప్ఫయ్యేళ్లు ఫైర్ సీట్లో కూర్చున్నాడు. పెళ్లిచూపులప్పుడు "అబ్బాయి ఫైర్‌లో చేస్తాడట" అని విని పిన్ని వాళ్ల అమ్మమ్మ, రోజూ మంటల్లోకి దూకేవాడికి పిల్లనెలా ఇస్తామని గొడవపెట్టిందట. దూకేది మంటల్లోకి కాదు, ఫైళ్లలోకే అని నచ్చజెప్పడానికి మధ్యవర్తికి పూటంతా పట్టింది.

ఇప్పటికీ కంపెనీ వార్షిక నివేదిక రాగానే బాబాయి ఛైర్మన్‌గారి ఉపన్యాసం, రిబ్బన్ కత్తిరించే ఫొటోలు అన్నీ దాటేసి నేరుగా ఫైర్ ఖాతా ఉన్న పేజీకి పోతాడు. ఫైర్, మెరైన్, మిస్‌లేనియస్ అని ఖాతాలు మూడు. మోటారూ ఆరోగ్యమూ ఆ మూడోదాంట్లో ఉంటాయి. "గ్రాస్ చూసి మురిసిపోకురా, నెట్ చూడు" అంటాడు. పెద్ద ఫ్యాక్టరీ పాలసీ మన ఆఫీసులో రాసినా, అంత ముప్పు ఒక్కరే మోయలేరు గనక ప్రీమియంలో పెద్ద వాటా రీఇన్సూరెన్స్ వాళ్లకు వెళ్లిపోతుంది. ఊరేగింపు మనది, పల్లకీలో కూర్చునేది వాళ్లు.

1973లో 107 ప్రైవేటు బీమా కంపెనీలను కలిపి ప్రభుత్వం నాలుగు చేసింది: నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. ఆ రోజుల్లో ఫైర్ అంటే ఇంట్లో సంపాదించే పెద్దకొడుకు. రేట్లన్నీ టారిఫ్ పుస్తకంలో ఉండేవి. పత్తి గోదాముకు ఇంత, పొగాకు గోదాముకు ఇంత. ఏ కంపెనీలో రాసినా అదే పుస్తకం. బేరం లేదు. మోటారు ఖాతా చేసే అప్పులన్నీ ఈ పెద్దాడే తీర్చేవాడు.

2007 జనవరి 1న ఆ పుస్తకం మూసేశారు. ఎవరి రేటు వాళ్లదే అన్నారు. ఇక చూడండి, మిల్లు యజమానులు కూరగాయల మార్కెట్లో తిరిగినట్టు ఆఫీసు ఆఫీసుకీ తిరిగారు. ప్రైవేటు వాళ్లు తగ్గించారని ప్రభుత్వం వాళ్లు, పక్క ప్రభుత్వ కంపెనీ తగ్గించిందని ఈ ప్రభుత్వ కంపెనీ. సొంత అన్నదమ్ములే ఒకే గిరాకీ కోసం ఒకరి రేటు ఒకరు కోసుకోవడమేమిటో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. కాలే గోదాములు మునుపటిలాగే కాలుతున్నాయి, వచ్చే ప్రీమియం మాత్రం చిక్కిపోయింది.

ఇలాంటి రేట్ల యుద్ధం మనతోనే మొదలు కాలేదు లెండి. 1905లో న్యూజిలాండ్ ప్రభుత్వం సొంతంగా అగ్ని బీమా ఆఫీసు తెరిచినప్పుడు ప్రైవేటు కంపెనీలన్నీ ఏకమై రేట్లు తెగ్గోశాయి. సర్కారు ఆఫీసు మొదటి ఏళ్లలో ఎంత మిగిల్చిందన్నది ఒక లెక్క. దానివల్ల ఊళ్లో ప్రతి ఇంటివాడికీ ప్రీమియంలో ఎంత మిగిలిందన్నది ఇంకో లెక్క. ఆ రెండోది ఏ బ్యాలెన్స్ షీట్లోనూ కనపడదు. 1990లో ఆ ఆఫీసును ఓ బ్రిటిష్ కంపెనీకి అమ్మేశారు.

సరే, మన బాబాయి దగ్గరికొద్దాం. ఫైర్ ఖాతాను ముంచింది నిప్పనుకుంటున్నారా? నీళ్లు! ఫైర్ పాలసీలో తుఫానూ వరదా కూడా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసింది. ఎయిర్‌పోర్టు కప్పు సహా ఎగిరిపోయిన కప్పుల్లో బీమా ఉన్నవన్నీ పోయి పడింది ఈ ఖాతాలోనే. ఆ మరుసటేడు చెన్నై వరదలు. "మంటలకు ఒక్కో ఫ్యాక్టరీనే పోతుందిరా, వానకు జిల్లా జిల్లానే క్లెయిము ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది" అన్నాడు బాబాయి.

మార్చి 31 రాత్రి సంగతి చెప్పి తీరాలి. టార్గెట్ కోసం డెవలప్‌మెంట్ ఆఫీసర్లు చెక్కులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఆఫీసులో అర్ధరాత్రి దాకా దీపాలు, టీలు, మిర్చి బజ్జీలు. నిజానికి ఆ రాత్రి వచ్చిన ప్రీమియంలో ఆ ఏటి ఆదాయంగా రాసుకోదగ్గది కొంతే, ఇంకా గడవని కాలానిదంతా పక్కన పెట్టాల్సిందే. కమిషను ఖర్చు మాత్రం మొత్తం ఆ ఏడే పడుతుంది. అంటే ఆ హడావుడితో గెలిచేది టార్గెట్, లాభం కాదు. అందరికీ తెలుసు. ఐనా బజ్జీలు తిన్నారు.

"మరి నష్టమొస్తే జీతాలెలా బాబాయ్?" అని ఓసారి అడిగాను. వంద రూపాయల ప్రీమియం వస్తే క్లెయిములకూ కమిషన్లకూ జీతాలకూ కలిపి నూట పదిహేను పోయిందనుకోండి, ఆ పదిహేనూ పెట్టుబడుల మీది ఆదాయంతో పూడుస్తారు. ఎప్పుడో చౌకగా కొన్న షేర్లు కొన్ని అమ్ముతారు. "ఏడాది చివర లాభం అని పేపర్లో వేస్తారు. తాత కొన్న పొలం అమ్మి పండగ చేసుకున్నామని వేయరు కదా!"

అమ్ముకుంటూ పోతే పొలం ఎన్నాళ్లుంటుంది? న్యూ ఇండియా తట్టుకుంది. మిగతా మూడింటికీ 2019-20 నుంచి 2021-22 వరకు కేంద్రం 17,450 కోట్లు మూలధనంగా పోసింది. ఈ పాపమంతా ఫైర్‌ది కాదు, మోటారు థర్డ్ పార్టీ, గ్రూపు ఆరోగ్య పాలసీల వాటాయే పెద్దది. కాకపోతే తమ్ముళ్లను మోయాల్సిన పెద్దాడికి 2007 తరవాత భుజం బలం తగ్గింది. 2024-25లో మూడు కంపెనీలూ త్రైమాసిక లెక్కల్లో మళ్లీ లాభాలు చూపించాయి. ఆ వార్త చదివి వినిపిస్తే బాబాయి కళ్లజోడు తుడుచుకుంటూ, "పొలం ఏమైనా అమ్మారేమో చూడు" అన్నాడు.

రిటైరై ఎన్నేళ్లయిందో. ఇప్పటికీ నవంబరులో టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే, తింటున్న ముద్ద ఆపి, "సౌండ్ పెంచవే" అంటాడు పిన్నితో.